బొగ్గులో, ఊకలో ఉన్న నత్రజని ఎటు పోతుంది?

రామగుండంలో ఎన్టీపీసీ ప్రాంగణం దాటకుండానే నైట్రోజన్ ఆక్సైడ్లకు మూడు హద్దులు కనిపిస్తాయి. 1983–89 మధ్య వచ్చిన తొలి ఆరు యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 600 మిల్లీగ్రాములు. 2004లో వచ్చిన ఏడో యూనిట్‌కు 450. ఈమధ్యే నడక మొదలుపెట్టిన 800 మెగావాట్ల యూనిట్లకు 100. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరు 7న ఇచ్చిన నోటిఫికేషన్ యూనిట్ వయసును బట్టి ఇలా గీతలు గీసింది. మధ్య వరుసకు మొదట పెట్టింది 300. అది సాధ్యం కాదని ప్లాంట్లు మొత్తుకోగా 2020 అక్టోబరులో 450కి సడలించారు.

పాత యూనిట్లో పడినా కొత్త యూనిట్లో పడినా బొగ్గులోని నత్రజని ఇంచుమించు ఒక్కటే. మరి హద్దులో ఆరు రెట్ల తేడా ఎలా కుదురుతుంది? జవాబు బొగ్గులో లేదు. ఆ నత్రజని ఏ క్షణంలో బయటికి వస్తుంది, అప్పుడు దాని పక్కన ఎవరున్నారు అన్నదాంట్లో ఉంది.

ముందు ఒక లెక్క చూద్దాం. కిలోకు 4,000 కిలోకేలరీల వేడినిచ్చే బొగ్గు, అందులో 1 శాతం నత్రజని అనుకుందాం. కిలో బొగ్గులో 10 గ్రాముల నత్రజని. అదంతా ఆక్సైడ్‌గా మారితే, నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కన 33 గ్రాములు. కిలో బొగ్గు మండితే పొగలో మిగిలిన ఆక్సిజన్ 6 శాతం అనుకుని, నీటి ఆవిరి తీసేసి చూస్తే పొగ సుమారు 5.75 ఘనపు మీటర్లు. అంటే పొగలో 5,700 మిల్లీగ్రాములు ఉండాలి. ఎలాంటి నియంత్రణా లేని పాత బాయిలర్ కూడా ఇందులో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. 450 హద్దు అందుకోవడమంటే బొగ్గులోని నత్రజనిలో 92 శాతాన్ని గాలిలో ఉండే మామూలు నత్రజనిగా మార్చి పంపడం. ఆ పనిలో ఎక్కువ భాగం మంటే చేసిపెడుతుంది. మనం చేయాల్సిందల్లా దానికి అడ్డు రాకపోవడం.

అలాగని ఆ మిగిలిన 8 శాతం చిన్నదేమీ కాదు. 500 మెగావాట్ల యూనిట్ గంటకు 300 టన్నుల బొగ్గు కాలుస్తుంది. సరిగ్గా 450 దగ్గర నడిచినా గంటకు దాదాపు 775 కిలోలు, రోజుకు పద్దెనిమిదిన్నర టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు చిమ్నీ ఎక్కుతాయి. ప్లాంటు భాషలో ఇవన్నీ కలిపి నాక్స్. ఇది గాలిలో ఎండ తగిలి ఓజోన్‌కు, అమ్మోనియా తగిలి నైట్రేట్ ధూళికి ముడిసరుకు అవుతుంది.

నాక్స్ పుట్టే దారులు మూడు. మొదటిది గాలిలోని నత్రజనే వేడికి విడిపోయి ఆక్సిజన్‌తో కలవడం. నత్రజని అణువులో ఉన్న మూడు బంధాలు తెగడం మాటలు కాదు కాబట్టి 1500 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ ఇది పుంజుకోదు. దాటాక మాత్రం ప్రతి 30–40 డిగ్రీలకూ వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఈ చర్యల వరుసను 1940లలో రష్యన్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ విప్పి చెప్పారు. రెండోది ఫెనిమోర్ 1971లో చూపించిన దారి. మంట మొదలయ్యే చోట హైడ్రోకార్బన్ ముక్కలు నేరుగా గాలి నత్రజనిని పట్టుకుంటాయి. గ్యాస్ బర్నర్లలో దీనికి విలువ ఉంది, బొగ్గులో లెక్కలోకి రాదు. మూడోది ఇంధనంలో ముందే ఉన్న నత్రజని. పొడిబొగ్గు మంటలో వచ్చే నాక్స్‌లో సుమారు 80 శాతం దీనిదే. మన బొగ్గులో 35–45 శాతం బూడిద ఉండటంతో మంట మరీ అంత వేడెక్కదు, అందుకని మొదటి దారి ఇంకాస్త వెనకబడుతుంది. ‘మంటను చల్లబరిస్తే నాక్స్ తగ్గిపోతుంది’ అనే మాట గ్యాస్ టర్బైన్‌కు సరిపోయినంతగా బొగ్గు బాయిలర్‌కు సరిపోదు.

బొగ్గులో నత్రజని గట్టి వలయాల్లో ఇరుక్కుని ఉంటుంది. ఎక్కువ భాగం పైరోల్ రకం ఐదు మూలల వలయాల్లో, తర్వాతి వంతు పిరిడీన్ రకం ఆరు మూలల వలయాల్లో. మొక్కల్లో అలా కాదు, అక్కడ నత్రజని ప్రొటీన్లలో, అమైనో ఆమ్లాల్లో ఉంటుంది. కాబట్టి రేణువు వేడెక్కినప్పుడు బొగ్గు నుంచి ప్రధానంగా హైడ్రోజన్ సయనైడ్, కట్టె, గడ్డి, ఊకల నుంచి ప్రధానంగా అమ్మోనియా వస్తాయి. ఆవిరి కాకుండా మిగిలిన నత్రజని చార్‌లో, అంటే కాలాల్సిన బొగ్గు ముక్కలో ఉండిపోతుంది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. సయనైడ్ అయినా అమ్మోనియా అయినా మంటలో ముక్కలై, ఒక నత్రజని పరమాణువు, దానికి అంటుకుని ఒకటో రెండో హైడ్రోజన్లు ఉన్న చిన్న శకలంగా మిగులుతుంది. ఆ శకలానికి ఆక్సిజన్ ఎదురైతే నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. ఆక్సిజన్ కరవై, అప్పటికే పుట్టిన నైట్రిక్ ఆక్సైడే ఎదురైతే రెండు నత్రజనులూ జతకట్టి మామూలు నత్రజని వాయువుగా, నీటి ఆవిరిగా తేలిపోతాయి. నాక్స్‌ను పుట్టించేదీ చంపేదీ ఒకే శకలం. ముల్లును ముల్లుతోనే తీయడం అంటే ఇదే. బర్నర్ మార్చినా, పై నుంచి గాలి ఇచ్చినా, యూరియా చల్లినా, ఉత్ప్రేరకం పెట్టినా జరిగేది ఈ రెండో కలయికను పెంచడమే. చార్‌లో మిగిలిన నత్రజని మాత్రం అంత సులువుగా లొంగదు. అది కార్బన్‌తోపాటే నిదానంగా, ఆక్సిజన్ ఉన్న చోట కాలుతుంది. కాకపోతే వేడి చార్ ఉపరితలం తన పక్కగా పోయే నైట్రిక్ ఆక్సైడ్‌ను కొంత నత్రజనిగా మార్చేస్తుంది కూడా.

పొడిబొగ్గు బాయిలర్‌లో దీన్ని ఆచరణలో పెట్టేది గాలిని విడతలుగా ఇచ్చి. మన 210, 500 మెగావాట్ల యూనిట్లలో చాలావాటికి నాలుగు మూలల నుంచీ బొగ్గు, గాలి వచ్చి ఫర్నేస్ మధ్యలో సుడి తిరుగుతాయి. పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలి 100 అయితే మొత్తం 120 ఇస్తారు. అందులో బర్నర్ల ఎత్తులో 85–95 మాత్రమే ఇచ్చి, మిగతాది పైన కొన్ని మీటర్ల ఎత్తులో ఉన్న ఓవర్‌ఫైర్ గాలి ద్వారాల నుంచి వదులుతారు. కింద ఆక్సిజన్ కరవులో, వేడిలో గడిచే ఆ అర సెకను, సెకను కాలంలోనే శకలాలు జతకట్టే పని సాగుతుంది. దీంతో 30 నుంచి 50 శాతం నాక్స్ తగ్గుతుంది. రసాయనాలు అక్కర్లేదు, నిర్వహణ ఖర్చూ దాదాపు లేదు. అందుకే పాత యూనిట్లలో ముందు ఇదే చేయాలి, ఇది సరిగా కుదిరాకే ఇంకోదాని గురించి ఆలోచించాలి.

కుదరకపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. కాలని కార్బన్ ఫ్లై యాష్‌లోకి, అంటే పొగతో ఎగిరిపోయే సన్న బూడిదలోకి పోతుంది. మన బొగ్గుకు ఈ శిక్ష ఎక్కువ. 40 శాతం బూడిద ఉన్న బొగ్గులో, బూడిదలో కార్బన్ ఒక్క శాతం పెరిగితే కిలో బొగ్గుకు 32 కిలోకేలరీలు, అంటే 4,000లో 0.8 శాతం, బూడిదతోపాటే పోయినట్టు. 5 శాతం దాటితే సిమెంటు వాళ్లు ఆ బూడిద తీసుకోరు. ఆక్సిజన్ కరవైన చోట బూడిదలోని ఇనుము ఫెర్రస్ రూపానికి దిగి, బూడిద తక్కువ వేడికే మెత్తబడి గోడలకు క్లింకర్‌గా, అంటే గట్టి గడ్డలుగా కడుతుంది. ఫర్నేస్ గోడల్లోని నీటి గొట్టాలకు (వాటర్‌వాల్ ట్యూబులకు) హైడ్రోజన్ సల్ఫైడ్ తుప్పు ఇంకో బెడద. మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి అది విదేశాల్లో ఉన్నంత తీవ్రంగా ఉండదు.

తరచూ కనిపించే చిక్కు ఒకటి చెప్పాలి. పొగ వేడితో బాయిలర్ నీటిని వేడిచేసే ఎకనామైజర్ దాటాక ఆక్సిజన్ మీటరు 3.5 శాతం చూపిస్తుంది, అంతా బాగున్నట్టే. కానీ నాక్స్ ఎక్కువ, కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువ. ఒకటి పెరిగితే ఒకటి తగ్గాల్సిన ఈ రెండూ కలిసి పెరిగాయంటే ఫర్నేస్ నాలుగు మూలలా ఒకేలా మండటం లేదని అర్థం. బొగ్గును పొడి చేసే ఒక మిల్లు నుంచి నాలుగు మూలలకు వెళ్లే బొగ్గు పైపుల్లో ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ పోతోంది. బొగ్గు తక్కువైన మూలలో గాలి మిగిలి నాక్స్ పుడుతుంది, ఎక్కువైన మూలలో గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మీటరు చూపించేది సగటు. ఇక్కడ కంట్రోల్ రూమ్ డెస్క్ ఇంజనీరు చేతికి తట్టే పని గాలి పెంచడం. దాంతో కార్బన్ మోనాక్సైడ్ దిగుతుంది, నాక్స్ ఇంకా ఎక్కుతుంది, పొగను చిమ్నీకి లాగే ఐడీ ఫ్యాన్ కరెంటు అదనం. చేయాల్సింది వేరు. ముందు బొగ్గు లేకుండా ఒట్టి గాలితో పైపుల వేగం కొలిచి, పైపుల్లో ప్రవాహాన్ని అదుపుచేసే ఆరిఫిస్‌లు మార్చి, సగటుకు 5 శాతం అటూ ఇటూగా సమం చేయాలి. తర్వాత బొగ్గు నడుస్తుండగా మళ్లీ కొలవాలి. పొడి నలగడం చూడాలి. 200 మెష్ (అంగుళానికి 200 కన్నాల) జల్లెడ గుండా కనీసం 70 శాతం దిగాలి, 50 మెష్ మీద ఒకటి రెండు శాతానికి మించి మిగలకూడదు. ముతక రేణువులు బర్నర్ దగ్గర ఆవిరి వదలవు, పైకెళ్లి గాలి పుష్కలంగా ఉన్న చోట కాలతాయి. ఓవర్‌ఫైర్ గాలి ఎంత ఖర్చు పెట్టి బిగించినా, ముతక పొడిని వెనక్కి పంపే మిల్లు క్లాసిఫైయర్ అరిగిపోయి ఉంటే ఫలితం సగమే.

ఊక, పత్తి కట్టె, కంది కట్టె సంగతికి వస్తే, ‘మొక్కల ఇంధనంలో నత్రజని తక్కువ కాబట్టి నాక్స్ తక్కువ’ అన్నది సగం నిజం. కట్టెలో నత్రజని 0.1–0.5 శాతమే. వరి ఊకలో 0.4 శాతం వేసుకుని ఇందాకటి లెక్కే చేస్తే, అంతా మారితే 2,800 మిల్లీగ్రాములు. బొగ్గులో సగం. అయినా ఊక బాయిలర్ పొగలో నాక్స్ సగానికి తగ్గదు. ఇంధనంలో నత్రజని తగ్గేకొద్దీ అందులో ఆక్సైడ్‌గా మారే వాటా పెరుగుతుంది. కారణం పైన చెప్పిందే. శకలాలూ నైట్రిక్ ఆక్సైడ్ అణువులూ రెండూ పలచబడితే అవి ఒకదానికొకటి ఎదురుపడే అవకాశం మరీ పలచబడుతుంది. దీనికి పూర్తి విరుద్ధం కోళ్ల ఎరువు. అందులో నత్రజని మూడు నాలుగు శాతం ఉన్నా, మారేది అందులో చాలా చిన్న భాగం. యూరిక్ ఆమ్లం నుంచి వచ్చే అమ్మోనియా తనే నాక్స్‌ను చంపుకుంటుంది.

రెండో కారణం పొయ్యి. బయోమాస్, అంటే ఇలాంటి మొక్కల ఇంధనం కాల్చే చిన్న ప్లాంట్లలో ట్రావెలింగ్ గ్రేట్ (నెమ్మదిగా కదిలే ఇనుప జల్లెడ పొయ్యి) మీద 8–10 శాతం ఆక్సిజన్‌తో నడపడం మామూలే. తడిసిన ఊక, ఎండిన కట్టె ఒక్క బంకర్‌లో కలిసి పడితే మంట పడిపోకుండా ఆపరేటర్ గాలి పెంచుతాడు. గ్రేట్ మీద పరుపు ఒక పక్క పలచబడి గాలి అక్కడినుంచే దూసుకుపోతే విడతల గాలి అన్న మాటకే అర్థం లేదు. పరుపు మందం సమంగా ఉంచడం, గ్రేట్ కింద గాలి తగ్గించి పై నుంచి ఇచ్చే గాలి పెంచడం, ఆక్సిజన్‌ను 6 శాతం దగ్గరికి తేవడం... ఈ మూడూ అయ్యాకే ఇంధనాన్ని తప్పుపట్టాలి.

బొగ్గు బాయిలర్‌లో బయోమాస్‌ను నొక్కి చేసిన పెల్లెట్లు కలపడం 2021 అక్టోబరు విద్యుత్ శాఖ విధానంతో తప్పనిసరి అయింది. మొదలుపెట్టిన మోతాదు 5 శాతం. పెల్లెట్లలో 70 శాతానికి పైగా వేడికి ఆవిరైపోయే పదార్థమే. అది బర్నర్ నోటి దగ్గరే భగ్గుమని మండి అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తుంది. కాబట్టి కింద గాలి అదుపులో ఉన్న బాయిలర్‌లో నాక్స్ కొద్దిగా తగ్గుతుంది. అదుపులో లేని బాయిలర్‌లో అదే అమ్మోనియా నేరుగా ఆక్సిజన్‌లోకి వచ్చి పడుతుంది. మిల్లులో జాగ్రత్త వేరే. పెల్లెట్ బొగ్గులా నలగదు, మొదట ఏ తవుడు, పీచుతో చేశారో ఆ సైజుకు విడిపోతుంది అంతే. పైగా బొగ్గు కంటే చాలా తక్కువ వేడికే ఆవిరి వదులుతుంది. అందువల్ల ఆ మిల్లుకు వెళ్లే వేడి గాలిని తగ్గించి, ఔట్‌లెట్ ఉష్ణోగ్రత బొగ్గుకు పెట్టినదానికంటే కింద ఉంచి నడపాలి. మిల్లు ఆగినప్పుడు లోపల పెల్లెట్ పొడి మిగలకుండా ఊడ్చేయాలి. మిల్లు మంటలు ఎక్కువగా వచ్చేది నడుస్తున్నప్పుడు కాదు, ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు.

గాలితో చేయగలిగింది అయిపోయాక మిగిలేది అమ్మోనియా. 850–1,100 డిగ్రీల పొగలోకి అమ్మోనియా లేదా యూరియా నీళ్లు చల్లితే ఉత్ప్రేరకం లేకుండానే పని జరుగుతుంది. లెక్క ప్రకారం కిలో నాక్స్‌కు 650 గ్రాముల యూరియా చాలు. నిజంగా అయ్యేది కిలోన్నర, ఆపైన. ఎందుకంటే ఆ ఉష్ణోగ్రత కిటికీ చాలా ఇరుకు. వేడి తక్కువైతే అమ్మోనియా చర్య జరపకుండా పొగతో జారిపోతుంది, ఎక్కువైతే అమ్మోనియానే కాలి కొత్త నాక్స్ అవుతుంది. ఇసుక లాంటి వేడి రేణువుల పరుపు గాలికి తేలుతూ తిరిగే సర్క్యులేటింగ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్‌లో, ఆ రేణువులను పొగ నుంచి వేరుచేసే సైక్లోన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. అక్కడ ఉష్ణోగ్రతా కుదురుగా ఉంటుంది, కలియబెట్టడం సైక్లోనే చేస్తుంది. 500 మెగావాట్ల ఫర్నేస్ విషయంలో అంత ఆశ పెట్టుకోవడం అనవసరం. అంత వెడల్పున్న పొగ మధ్యదాకా గోడ నుంచి చల్లిన చుక్క చేరదు. పైగా మధ్యాహ్నం సౌర విద్యుత్ వచ్చినప్పుడు యూనిట్ 55 శాతం లోడుకు దిగితే కిటికీ ఉన్న ఎత్తు మారిపోతుంది. రెండు మూడు ఎత్తుల్లో ఇంజెక్టర్లు పెట్టి, లోడును బట్టి మార్చుకోవాల్సిందే.

100 హద్దు అందుకోవాలంటే ఉత్ప్రేరకం తప్పదు. టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద టంగ్‌స్టన్, ఒక శాతం దరిదాపు వెనేడియం ఉన్న ఇటుకల గుండా 300–400 డిగ్రీల పొగను, ఎకనామైజర్‌కూ పొగ వేడితో గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్‌కూ మధ్య, అమ్మోనియాతో కలిపి పంపుతారు. 80–90 శాతం నాక్స్ పోతుంది. కానీ ఆ చోట పొగ ఇంకా బూడిదను పట్టే ఈఎస్‌పీకి చేరలేదు, బూడిదంతా అందులోనే ఉంది. మన బూడిదలో క్వార్ట్జ్ ఎక్కువ, అది ఇటుక అంచులను గీకేస్తుంది. సన్న రంధ్రాల ఉత్ప్రేరకం తెచ్చి పెడితే మూసుకుపోతుంది, పెద్ద రంధ్రాలు, తక్కువ పొగ వేగం అడగాలి. గడ్డి రకం బయోమాస్ కలిపితే అందులోని పొటాషియం, అమ్మోనియా వచ్చి కూర్చోవాల్సిన ఆమ్ల స్థానాలను ఆక్రమిస్తుంది. లోడు తగ్గి పొగ 300 డిగ్రీల కిందికి దిగితే ఇంకో సమస్య. జారిన అమ్మోనియా, సల్ఫర్ ట్రయాక్సైడ్ కలిసి జిగట అమ్మోనియం బైసల్ఫేట్‌గా ఉత్ప్రేరకం రంధ్రాల్లో పేరుకుంటుంది. ఎయిర్ ప్రీహీటర్ బుట్టల్లోనూ అదే అంటుకుని, దాని మీద బూడిద పేరుకుంటుంది. ఎయిర్ ప్రీహీటర్‌లో పొగ ఒత్తిడి నష్టం వారం వారం పెరుగుతోందంటే ముందు అమ్మోనియా స్లిప్, అంటే చర్య జరపకుండా జారిపోయిన అమ్మోనియా ఎంతో చూడాలి, అది 2–3 పీపీఎం (పది లక్షల్లో రెండు మూడు వంతులు) దాటకూడదు. దాటిందని ఫ్లై యాష్ కొనేవాళ్లకు మనకంటే ముందే తెలుస్తుంది, సిమెంటు నీళ్లు తగలగానే ఘాటు వాసన కొడుతుంది.

హద్దుల పట్టికలో లేనిది నైట్రస్ ఆక్సైడ్. ఇది నాక్స్‌లో లెక్కకు రాదు, వేడిని పట్టుకోవడంలో మాత్రం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. 1980లలో బొగ్గు పొగలో ఇది విపరీతంగా ఉందని కొలతలు వచ్చి గగ్గోలైంది. నమూనా తీసిన సీసాలోనే తేమ, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి దాన్ని తయారు చేస్తున్నాయని 1988లో తేలింది. పొడిబొగ్గు బాయిలర్‌లో నిజానికి 5 పీపీఎం లోపే. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో మాత్రం నిజంగానే 50–200 పీపీఎం. 800–900 డిగ్రీల దగ్గర సయనైడ్ నుంచి వచ్చిన శకలం నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి నైట్రస్ ఆక్సైడ్‌గా ఆగిపోతుంది, అంతకంటే వేడైతే విడిపోయేది. 100 పీపీఎం అంటే, పై లెక్కల బొగ్గుకే చూస్తే, అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఐదో వంతు అదనంగా వదిలినట్టు. తక్కువ ఉష్ణోగ్రత బెడ్ నాక్స్ పట్టికలో మెరిసిపోతుంది, ఈ పద్దు ఎవరూ అడగరు. బయోమాస్‌కు సయనైడ్ తక్కువ, అమ్మోనియా ఎక్కువ కాబట్టి అదే బెడ్‌లో నైట్రస్ ఆక్సైడ్ బాగా తగ్గుతుంది. బయోమాస్‌కు నత్రజని వైపు నుంచి చెప్పుకోదగ్గ గొప్ప ఇదే. గంధకం పట్టడానికి బెడ్‌లో సున్నపురాయి వేస్తే అది అమ్మోనియాను నైట్రిక్ ఆక్సైడ్ వైపు తోస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

చివరగా, చిమ్నీ మీటరు చూపించే అంకెను చదవడం. పీపీఎంను 2.05తో హెచ్చిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కన మిల్లీగ్రాములు. దాన్ని 15తో హెచ్చించి, 21 నుంచి కొలిచిన ఆక్సిజన్ శాతం తీసేయగా వచ్చినదానితో భాగించాలి. అప్పుడు 6 శాతం ఆక్సిజన్ దగ్గరి విలువ వస్తుంది. ఎకనామైజర్ తర్వాత 4 శాతం ఆక్సిజన్, 220 పీపీఎం ఉంటే 398 మిల్లీగ్రాములు. ఎయిర్ ప్రీహీటర్ సీళ్లు, డక్టులు కారి చిమ్నీ దగ్గరికి ఆక్సిజన్ 7 అయితే అదే పొగ పలచబడి 181 పీపీఎం చూపిస్తుంది. సరిగ్గా లెక్కిస్తే మళ్లీ 398. కానీ నాక్స్ చిమ్నీ దగ్గర కొలిచి, ఆక్సిజన్ సంకేతం ఎకనామైజర్ దగ్గరి ప్రోబ్ నుంచి తీసుకుంటే తెర మీద 327 వస్తుంది. ఎవరూ ఏమీ తగ్గించకుండానే 71 మిల్లీగ్రాములు మాయం. ఆడిట్‌కు వెళ్లినప్పుడు బర్నర్లకంటే ముందు ఆ ఆక్సిజన్ తీగ ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. ఆ తర్వాత, అనలైజర్ నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కదాన్నే చూస్తోందా, డయాక్సైడ్‌ను మార్చి చూపే కన్వర్టర్ పనిచేస్తోందా అన్నది చూడాలి. బాయిలర్ పొగలోని నాక్స్‌లో నైట్రోజన్ డయాక్సైడ్ వాటా 5 శాతమే కాబట్టి కన్వర్టర్ చచ్చిపోయినా నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.